తుమ్మిన ఎండుసొర

ఇందులో ప్రతి మాటా నిజం. ఉప్పు మీద ఒట్టు, నన్ను కన్నతల్లి మీద ఒట్టు, ఇది రాస్తుంటే నా పాదం మీద గడ్డం ఆనించి గుర్రుపెడుతున్న ఈ ఎర్రకుక్క మీద ఒట్టు. మొదటి రెండు ఒట్లూ ఇదివరకు చాలాసార్లు వేసి తప్పినవే కాబట్టి మీరు మూడోదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఒట్టు ఎందుకు వెయ్యాల్సి వచ్చిందంటే, దివిసీమలో సముద్రం అంచున ఉన్న మా పల్లెలో నన్ను నమ్మే మనిషి లేడు. చల్లపల్లి బస్టాండులో నేను నోరు విప్పితే టీకొట్టు చుట్టూ జనం మూగుతారు, కానీ నమ్మడానికి కాదు. ఓసారి వీచిన గాలికి మా ఊరి కోడికూత ఎగిరిపోయి బందరులో మిట్టమధ్యాహ్నం వినపడిందనీ, అక్కడివాళ్ళు తెల్లారిందనుకుని రెండోసారి పళ్ళు తోముకున్నారనీ చెప్పింది నేనే. మా పడవ లంగరును ఒక పీత పట్టుకుని వదలకపోతే, దాన్ని బతిమాలి బామాలి బీడీ ఇచ్చి విడిపించుకున్నామని చెప్పిందీ నేనే. ఈ పీత కథ కాస్త గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

నా అబద్ధాలకు మొదటి గిరాకీ మా బావ, అంటే అక్క మొగుడు. పడవ ఆయనది. నడిపేదీ ఆయనే. నేను వల లాగడానికి వెళ్తున్నానని పేరే గానీ, ఆయన నన్ను ఎక్కించుకునేది ఇంజను చప్పుడులో నిద్ర రాకుండా కథలు చెప్పడానికి. మనిషి భారీ మనిషి. నవ్వితే పడవ ఊగేది. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు, పల్లెలో ఎవరినైనా అడగండి.

తొంభైల చివర్లో ఒకరోజు, కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర మా పడవ బోల్తాపడింది. తుఫాను లేదు. గాలి లేదు. చక్కగా ఎండ కాస్తోంది. వేట ముగించుకుని ఇద్దరం ఇంటికి వస్తున్నాం. నీళ్ళ కింద ఇసుక మేట ఎప్పుడు పక్కకు జరిగిందో ఏమో, పడవ అడుగు దానికి తగిలింది, అదే సమయానికి పక్కనుంచి ఒక అల లేపింది. అంతే. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న వాక్యంలో ఎలా అయిపోతుందని మీకనిపిస్తే, నాకూ అలాగే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. నేను నోట్లో పెట్టుకున్న తమలపాకు ఇంకా నలగలేదు, పడవ మాత్రం తలకిందులుగా ఉంది.

సాయంత్రానికి వేరే పడవవాళ్ళు వచ్చి నన్ను పైకి తీశారు. నన్ను ఒక్కణ్ణే. బావను తర్వాత సముద్రమే తెచ్చి ఇసుకతిప్ప మీద పెట్టింది.

మా పల్లెలో ఒక పద్ధతి ఉంది. సముద్రంలో మనిషి పోతే, అతనితో వెళ్ళి బతికి వచ్చినవాడు పోయినవాడి గడప బయట కూర్చోవాలి. జరిగినదంతా మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి చెప్పాలి. లోపల ఆ ఇంటి ఆడమనిషి కూర్చుని వింటుంది. విన్నాక చెంబుతో మంచినీళ్ళు అతని కాళ్ళమీద పోసి లోపలికి రమ్మంటుంది. ఇక ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తరు. చెప్పేదాకా మాత్రం అతను ఆ గడప దాటడు.

కర్మలయిన మర్నాడు అక్క చెంబు పక్కన పెట్టుకుని గడప లోపల కూర్చుంది. నేను బయట కూర్చున్నాను. పల్లె పల్లెంతా దూరంగా నిలబడింది. వచ్చినవాళ్ళు సగం ఏడవడానికి వచ్చారు, సగం నేను ఎలా చెబుతానో విందామని వచ్చారు. వాళ్ళను తప్పు పట్టను. నోరు తెరిచాను. నాలుక ఉంది, గొంతు ఉంది, మాటలూ ఉన్నాయి. వాటిని ఒకదాని వెనక ఒకటి గుచ్చే దారం తెగిపోయింది. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుని లేచి వచ్చేశాను. నా జీవితంలో నా దగ్గర కథ లేకపోవడం అదే మొదలు. దానికి నాకంటే ఎక్కువ బిత్తరపోయినవాళ్ళు మా పల్లెలో ఇంకెవరూ ఉండరు.

అక్క చెంబు మీద మూత పెట్టి గడప పక్క గూట్లో దాచింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు నింపేది. నేను చూసేటప్పుడే నింపేది.

నాకు పెళ్ళి కాలేదు. నా మాటలు విని ఎవరూ పిల్లనివ్వలేదు. పక్క గుడిసెలో ఒక్కణ్ణే పడుకుని అక్క దగ్గర తినేవాణ్ణి. ఆ రోజునుంచి అన్నం అరుగు మీదికి మారింది. నెలల తరబడి నా నోటినుంచి వచ్చినవి ఔను, కాదు, చాలు అనే మాటలే. బిందెలో చెంబు మునిగిన చప్పుడైతే లేచి నిలబడేవాణ్ణి. స్నానమంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడం. సముద్రం ఎటువైపుందో ఆ వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి, మా పల్లెలో అలా కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను, మూడు వైపులా నీళ్ళే.

బావ పోయాక అక్క ఎండుచేపల పనిలోకి దిగింది. నెత్తళ్ళూ సావిడాలూ ఇసుక మీద ఆరబోసి, ఎండాక గంపలకెత్తి బందరు తీసుకెళ్ళి అమ్మేది. ఒకరోజు నా చేతికి కర్ర ఇచ్చి, మాటలతో పనిలేని ఉద్యోగం, కుక్కల్ని తోలమంది. తోలాను. కాకులనూ తోలాను. వచ్చే కుక్కల్లో ఒక ఎర్రది ఉండేది, ఆడది, ఒక చెవి చిరిగిపోయి ఉంటుంది. మిగతావి పరిగెత్తుకొచ్చి తన్నులు తినేవి. ఇది అలా కాదు. ఎండ మొహాన కొట్టి నేను కళ్ళు చిట్లించే దిక్కు చూసుకుని ఆ దిక్కునుంచే వచ్చేది. సావిడాయిని తోక పట్టి లాక్కుపోయేది. నేను విసిరిన మట్టిబెడ్డ ఒక్కటి కూడా దానికి తగిలిన పాపాన పోలేదు. దానికీ నాకూ అస్సలు పడేది కాదు.

చేపలు ఆరబోసే చోటుకి వెనక మడచెట్ల మధ్యనుంచి ఒక కాలవ పోతుంది. సముద్రం పోటెక్కితే అదీ ఎక్కుతుంది. ఒక మధ్యాహ్నం అటునుంచి అరుపు. అక్కా నేనూ వెళ్ళి చూస్తే ఎర్రకుక్క. ఎవరో పారేసిన నైలాను వలముక్క దాని వెనక కాలికి చుట్టుకుని మడచెట్టు వేళ్ళలో చిక్కుకుంది. అది గుంజేకొద్దీ దారం బిగుస్తోంది, నీళ్ళు పెరుగుతున్నాయి. మెడ దాకా వచ్చాయి.

కర్ర పారేసి దూకాను. నడుం దాకా బురద, గుండెల దాకా నీళ్ళు. అది నా చెయ్యి కరిచింది. కరవనిచ్చి, మునిగి, వలను పళ్ళతో కొరికి తెంపాను. దాన్ని భుజాన వేసుకుని వస్తుంటే నా వెనక నీళ్ళు రెండుగా చీలి దారిచ్చాయి, అక్క గట్టుమీద నిలబడి చూస్తోంది. గట్టుమీద నిలబడ్డ మనిషి చీరకు నడుం దాకా బురద ఎలా అంటిందని అడక్కండి, మా దగ్గర గాలికి బురద కూడా ఎగురుతుంది. అరుపు విని పరిగెత్తుకొచ్చిన ఆడవాళ్ళతో అక్క ఒక్క మాటే అంది, "తమ్ముడు తీశాడు" అని. వాళ్ళు నా వంక చూసిన చూపు నాకింకా గుర్తు. దయ్యం పట్టినవాడు లేచి వచ్చి పప్పన్నం అడిగితే ఎలా చూస్తారో అలా.

దారం ఎముక దాకా కోసేసింది. మర్నాటికి కాలు కుండలా వాచింది. ఆ రోజు అక్కకు బందరు వెళ్ళే పని ఎలాగూ ఉంది. ఒక గంపలో నెత్తళ్ళు పోసింది, ఇంకో గంపలో కుక్కను కుదేసి పైన గోనెపట్టా, దానిమీద ఎండు సొరచేప ముక్కలు పరిచింది. నన్ను మోయమంది. బందరు పశువుల ఆసుపత్రికి వెళ్తే తలుపు తాళం. పక్కన కూర్చున్న ముసలాయన డాక్టరు గారు ఊళ్ళో లేరనీ, గుడివాడలో అయితే మంచి హస్తవాసి ఉన్న డాక్టరు ఉన్నారనీ చెప్పాడు. రైలెక్కాం.

ఎండుచేపల గంపలతో పాసింజరు రైలెక్కితే ఒక సుఖముంది, సీట్లు వాటంతటవే ఖాళీ అవుతాయి. పెడన దాటాక టికెట్లు చూసే ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు. టికెట్లు చూశాడు. వెళ్ళబోతుంటే గంప తుమ్మింది.

ఆయన ఆగాడు. అక్క కిటికీలోంచి బయటకు చూస్తోంది.

"ఏముందయ్యా అందులో?"

"ఎండుసొరండి."

"ఎండుసొర తుమ్ముద్దా?"

"జలుబండి. సరిగ్గా ఎండకముందే ఎత్తేశాం. తడి ఒంటిమీద గాలి తగిలింది."

ఆ మాట అన్నది ఎవరా అని పక్కకు చూశాను. అక్క నన్నే చూస్తోంది. అప్పుడు తెలిసింది అన్నది నేనేనని. నెలల తర్వాత నా నోట్లోంచి పూర్తి వాక్యం వచ్చింది, అదీ అబద్ధమే వచ్చింది. గంప రెండోసారి తుమ్మింది. ఆయన గోనెపట్టా కొస ఎత్తాడు, చిరిగిన చెవి కనపడింది, దించాడు. "చెవులున్న సొరను ఇంతవరకు చూళ్ళేదు. దానికి మందిప్పించండి" అని వెళ్ళిపోయాడు. అక్క పైట కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వుతోంది.

గుడివాడ డాక్టరు గారు గంప మీది గోనెపట్టా తియ్యగానే ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయనది గేదెల చెయ్యి. పెద్ద చెయ్యి, కానీ కుట్లు మాత్రం జాకెట్టుకు హుక్సు కుట్టినంత నాజూగ్గా వేశారు. కాలు నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. నీళ్ళు మరగబెట్టి, ఉప్పు కలిపి, చల్లార్చి రోజూ కడగమన్నారు. అక్క బుద్ధిగా తలూపింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో, సముద్రం పెరట్లో పెట్టుకుని ఎవరైనా ఉప్పు కొనుక్కొచ్చి కలుపుతారా అని నన్నడిగింది. మా వాళ్ళు ఏ దెబ్బ తగిలినా పరిగెత్తేది సముద్రానికే. తప్పని ఎవరం అనుకోలేదు.

మొదట్లో అక్కే ముంతతో సముద్రపు నీళ్ళు తెచ్చేది. నేను కుక్కను పట్టుకునేవాణ్ణి. ఒకరోజు ముంత నా ముందు పెట్టి, నాకు తట్టలు మోసే పనుంది, నువ్వే తెచ్చుకో అని వెళ్ళిపోయింది. ముంత పట్టుకుని బయల్దేరాను. మూడు కాళ్ళమీద అదీ వెనక వచ్చింది. పొడి ఇసుక తడి ఇసుకగా మారే చోట ఇద్దరం ఆగిపోయాం. కాలవలోకి దూకినవాడికి సముద్రపు అంచు చూస్తే భయమేమిటని మీరడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. చివర్లో చెబుతాను.

ఆ రోజు ఖాళీ ముంతతో వచ్చేశాను. అక్క ముంతలోకి చూసి, దాని కాలు కుళ్ళితే ఆ పాపం నీదేనంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. అల విరిగిన చప్పుడుకు కుక్క వచ్చి నా పాదం మీద కూర్చుంది. వణుకుతోంది. ఆ వణుకు నా మోకాలి దాకా ఎక్కింది, అసలు మొదలైంది దానిలోనో నాలోనో తెలియలేదు. ఏదో ఒకటి అనాలి కదాని దానితో మాట్లాడటం మొదలుపెట్టాను. సముద్రమంటే ఒక పెద్ద గేదె అన్నాను. పడుకుని నెమరేస్తోందన్నాను. ఈ అలలు దాని తోక, ఈగల్ని తోలుకుంటోంది, మన మీద దానికేం కోపం లేదన్నాను. చిరిగిన చెవి నిక్కించి వింది. నా కథను మధ్యలో కోసి "ఊరుకోరా" అనకుండా విన్న ప్రాణి బావ తర్వాత అదే. చెబుతున్నంతసేపు వణుకు లేదు, ఆపితే మళ్ళీ వచ్చేది. కాబట్టి ఆపలేదు. గేదెకు దూడలు పుట్టాయి, దూడలకు పెళ్ళిళ్ళయ్యాయి. ఎప్పుడు జరిగానో తెలియదు, అల వచ్చి ఇద్దరి పాదాలూ తడిపేసింది. కొయ్యబారిపోయాను. అది మాత్రం కుట్లున్న కాలు ఎత్తిపట్టుకుని నా మొహంలోకి చూసింది, తర్వాతేమైందన్నట్టు.

కుట్లు విప్పించడానికి మళ్ళీ గుడివాడ వెళ్ళినప్పుడు డాక్టరు గారు ఏ నీళ్ళతో కడిగారని అడిగారు. అక్క చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసేశారు. "అమ్మా, కాలు తీసెయ్యాల్సి వచ్చేది, తెలుసా అండి?" అన్నారు. అక్క, "ఉంది కదండీ" అంది. ఆయన ఆ కాలును తిప్పితిప్పి చూశారు. కొంచెం కుంటు మిగులుతుందన్నారు. మిగిలింది.

ఇక అసలు సంగతి. వానలు ఇంకా మొదలు కాలేదు. మధ్యాహ్నం అరుగు మీద అన్నం తింటున్నాను. కుక్క లేచింది, ఒళ్ళు విదిలించుకుంది, కుంటుకుంటూ గడప దాటి లోపలికి వెళ్ళింది. మా ఇళ్ళలో కుక్కను గడప తొక్కనివ్వరు. తిన్నగా వెళ్ళి, బావ చొక్కా ఇంకా వేలాడుతున్న మేకు కింద, ఆయన పడుకునే చోట చుట్ట చుట్టుకుని పడుకుంది. పిలిచాను. రాలేదు. కర్ర తీసుకుని లేచాను. ఒక కాలెత్తాను. గడప మీద గాల్లో ఆ కాలు అలాగే ఉండిపోయింది.

పొయ్యి దగ్గరున్న అక్క తెడ్డు పక్కన పెట్టింది. కుక్కను తోలలేదు. గూట్లోంచి చెంబు తీసి గడప లోపల కూర్చుంది. కాలు వెనక్కి తీసుకుని నేను బయట కూర్చున్నాను. ఈసారి చూడ్డానికి పల్లె లేదు.

"పడవ తిరగబడ్డాక దాని వీపు పట్టుకుని ఏలాడాం అక్కా. బావ అటుపక్క, నేను ఇటుపక్క. కాసేపటికి ఆయనకు కళ్ళు మూతలు పడతన్నాయి. నిద్రపోతే చెయ్యి జారుద్దని కథ మొదలెట్టా. పీత కథ. నాకు ఆయన చేతులొక్కటే కనపడతన్నాయి. ఒకసారి నవ్వాడు, పడవ ఊగింది. తర్వాత అలొచ్చి కళ్ళలో కొట్టింది. తుడుచుకుని మళ్ళీ చెప్పుకుంటా పోయా. పీత బీడీ అడిగిన కాడికొచ్చి చూస్తే అటుపక్క చేతుల్లేవు. ఎప్పుడు పోయాడో తెలీదు. నేను చెబుతానే ఉన్నా. ఎవరికి చెబుతున్నానో తెలీకుండా చెబుతానే ఉన్నా."

అక్క చెంబు మీద మూత తీసి నీళ్ళలోకి చూసింది.

"ఆఖర్న ఏమన్నా అన్నాడా?"

"ఏమన్లేదు."

"నా పేరెత్తాడా?"

"లేదక్కా."

అక్క తల పైకెత్తింది. "అబద్ధమైతే ఇంతకన్నా బాగా చెప్పేవాడివి" అంది. నేను చెప్పిన మాటను ఒక మనిషి నమ్మడం అంత భయంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. తర్వాత అడిగింది, "పీత బీడీ అడిగింది. ఆ తర్వాత?"

"ఇప్పుడెందుకక్కా అది."

"ఆయన విననిది నేను వింటా. చెప్పు."

చెప్పాను. బావ బీడీ వెలిగించి ఇచ్చాడని, పీత ఒక దమ్ము లాగి పొగ మింగలేక దగ్గిందని, దగ్గులో డెక్క విడిపోయి లంగరు ఊడిందని, మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి పడవ పక్కకొచ్చి అగ్గిపెట్టె ఉందా అని అడిగేదని. అక్క నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపైంది. నేను ఆపలేదు. చివరిదాకా చెప్పాను. చెంబుడు నీళ్ళూ నా కాళ్ళమీద కుమ్మరించింది. నేను గడప దాటుతుంటే ఎర్రకుక్క లేచి వచ్చి, గడప గుంటలో నిలిచిన ఆ నీళ్ళు కాస్తా నాకేసింది.

ఇప్పుడది ముసలిదైంది, మూతి తెల్లబడింది. నేను మళ్ళీ వేటకు వెళ్ళలేదు గానీ ఒడ్డుకొచ్చిన పడవల్లో వల దులుపుతాను. చల్లపల్లి టీకొట్టు దగ్గర కాలవలోకి దూకి కుక్కను తీసిన కథ చెబితే అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి వింటారు. నా కథలన్నిటిలో జనం నమ్మింది అదొక్కటే.

ఇందులో అదొక్కటే నేను కల్పించింది. ఎండుసొర తుమ్మిన మాట నిజం. సముద్రపు నీళ్ళ మాట నిజం. గడప దగ్గర చెప్పింది అక్షరం అక్షరం నిజం. కాలవలోకి దూకింది మాత్రం నేను కాదు. నేను గట్టుమీద కర్ర పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు కుక్క మెడ దాకా వచ్చాయి, గడ్డం దాకా వచ్చాయి, నా కాలు కదలలేదు. నా పక్కనుంచి దూకింది అక్క. మొగుణ్ణి నీళ్ళు మింగిన మనిషి ఆ నీళ్ళలోకే గుండెల దాకా దిగింది. చెయ్యి కరిపించుకుంది, వలను పళ్ళతో కొరికింది. పైకొచ్చి, తడిసి ముద్దయిన కుక్కను నా చేతుల్లో పెట్టింది. వెనక ఆడవాళ్ళు వస్తున్న అలికిడి విని, వాళ్ళకు వినపడేలా "తమ్ముడు తీశాడు" అంది. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు. నా పంచె పొడిగా ఉంది. ఆమె చీర నడుం దాకా బురద. ఆడవాళ్ళందరూ చూశారు. ఒక్కరూ మాట్లాడలేదు.

నిన్న ఇదంతా అక్కకు చదివి వినిపించాను. నెత్తళ్ళలో రాళ్ళు ఏరుతూ వింది. ఈ చివరి ముక్క దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆపి, "అది తీసెయ్యరా, కథ చెడిపోద్ది" అంది.

తియ్యలేదు.